ఆదర్శ గుంట నంబరు 417

పుల్లేటిపేట పురపాలక సంఘంలో చైన్‌మన్ తాతారావు ఇరవై రెండేళ్లుగా రోడ్లు కొలుస్తున్నాడు. ముప్పై మీటర్ల ఇనుప గొలుసు ఒక కొస సర్వేయరు పట్టుకుంటే, రెండో కొస పట్టుకుని ముందుకు నడవడం అతని ఉద్యోగం. ఊళ్లో ఏ వీధి ఎంత పొడుగో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అంతటివాడి గుమ్మం ముందే మంచం పట్టేంత గొయ్యి ఒకటి మూడేళ్లుగా నోరు తెరుచుకుని ఉంది.

అతని భార్య నూకరత్నం ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వారానికోసారి ఆ గొయ్యి సంగతి ఎత్తేది. తాతారావు వారానికోసారి "రేపు పూడ్పిస్తానే" అనేవాడు. ఈ ఏర్పాటు ఇద్దరికీ అలవాటైపోయింది. ఒక సోమవారం ఆవిడ కుట్టుమిషను బాగుచేయించి రిక్షాలో తెస్తుంటే, సరిగ్గా గుమ్మం ముందుకొచ్చాక చక్రం గోతిలో దిగబడింది. మిషను తలకిందులుగా బురదలో పడి చక్రం వంకరపోయింది.

నూకరత్నం అరవలేదు. తాతారావుకి గుండె జారింది అందుకే. అదే రిక్షాలో మిషను మళ్లీ ఎక్కించి, పక్కన తను కూర్చుంది.

"కొత్తవీధిలో అన్నయ్య వాళ్లింటికెళ్తున్నానండి. ఆ గొయ్యి పూడ్చిన రోజు కబురెట్టండి. మిషనూ వస్తుంది, నేనూ వస్తాను."

తాతారావు అన్నం మానేసి ఆఫీసుకి పరుగెత్తాడు. కంకర బండి పంపించమని వర్క్ ఇన్‌స్పెక్టరు కాళ్లావేళ్లా పడ్డాడు. ఇన్‌స్పెక్టరు జాలిపడి, రేపు పొద్దున్నే పంపిస్తానని మాటిచ్చాడు. పొద్దున్నే కంకర రాలేదు, రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

పట్టణాల అభివృద్ధిని ఇకమీదట రోడ్ల పొడవు వెడల్పులతో కాక, రోడ్ల అల్లికతో కొలవవలెనని అందులో ఉంది. రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ 'రహదారుల అల్లిక సూచీ' ప్రకారం ర్యాంకులు ఇస్తారు. మొదటి ర్యాంకు ఊరికి బిరుదు, ఆ ఊరి కమిషనరుకి పెద్ద నగరానికి బదిలీ. పుల్లేటిపేట దోమలతో ఎనిమిది నెలలుగా కాపురం చేస్తున్న కమిషనరు సుదర్శనరావు గారు ఈ బదిలీ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నారు.

వారం తిరక్కుండా సూచీ సంచాలకులు డాక్టర్ విరూపాక్షం గారు దిగారు. కౌన్సిల్ హాల్లో సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి, సంచీలోంచి ఒక కాలీఫ్లవర్ పువ్వు తీశారు.

"ఇది పువ్వు. దీన్లోంచి ఒక రెమ్మ తుంచితే అదీ ఒక చిన్న పువ్వే. ఆ రెమ్మలో రెమ్మ కూడా అంతే. ఎంత దగ్గరికెళ్లి చూసినా మెలికలు తరగని ఇలాంటి ఆకారాన్ని ఫ్రాక్టల్ అంటారు. గొప్ప నగరాల రోడ్లు కూడా ఇంతే. పెద్ద రోడ్డులోంచి వీధి, వీధిలోంచి సందు, సందులోంచి గొంది. అల్లిక ఎంత చిక్కగా ఉంటే నగరం అంత ఎదిగినట్టు లెక్క."

"కొలవడం ఎలాగండీ?" అన్నారు కమిషనరు.

"ఒకే రోడ్డును ముందు పెద్ద కొలబద్దతో కొలవాలి. తర్వాత చిన్నదాంతో, ఆ తర్వాత ఇంకా చిన్నదాంతో. పెద్ద కొలబద్ద మెలికల్ని దాటేస్తుంది, చిన్నది ప్రతి మెలికలోనూ దూరుతుంది. కాబట్టి కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతుంది. ఎంత వేగంగా పెరిగితే ఊరికి అంత మంచి మార్కు."

కమిషనరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే, కొలబద్ద తగ్గిస్తే రోడ్డు పెరుగుతుందన్నమాట."

"శాస్త్రం అదే చెబుతోంది."

"కంకర అక్కర్లేదు?"

"ఒక్క గంప కూడా."

హాలంతా చప్పట్లతో మోగింది. నిజానికి డాక్టరు గారు చెప్పింది శాస్త్రంలో ఉన్నదే, ఆయన మనసులోనూ ఏ కల్మషమూ లేదు. అది పుల్లేటిపేట దాకా నడిచి రావడంలోనే కొంచెం అలిసిపోయింది. కాలీఫ్లవర్‌ను అటెండరు ఇంటికి పట్టుకెళ్లి కూర చేయించుకున్నాడు. ఆ సభ వల్ల ఊళ్లో ఎవరికైనా తక్షణం మేలు జరిగిందంటే అతనికే.

మర్నాటి నుంచి కొలతలు మొదలయ్యాయి. గొలుసుతో కొలిస్తే ఊరి రోడ్లన్నీ కలిపి ఎనభై నాలుగు కిలోమీటర్లు. మీటరు కర్రతో నూట ముప్పై ఒకటి తేలింది. బడిపిల్లల స్కేలు పెడితే రెండు వందల నలభై దాటింది. కమిషనరు గారికి ఆకలి పెరిగింది. చివరికి తాతారావు చేతిలోంచి గొలుసు తీసేసుకుని అగ్గిపెట్టె పెట్టారు. ఒక్కో పుల్ల నాలుగు సెంటీమీటర్లు. మొండి అంచుల వెంబడి, బీటల వెంబడి, గోతుల చుట్టూ పుల్ల పక్కన పుల్ల పేర్చుకుంటూ సిబ్బంది మొత్తం ఊరంతా పాకింది. ఆరు వందల పన్నెండు కిలోమీటర్లు తేలింది.

ఈ పాకుడుకు చట్టబలం ఉండాలి కనుక కమిషనరు గారు ఒక నిర్వచనం కూడా రాయించారు. 'రహదారి ఉపరితలంపై కంటికి కనిపించు ప్రతి గీతయు, ప్రతి అంచును రహదారిలో అంతర్భాగముగా పరిగణించవలెను.' రాజధాని వాళ్లు దాన్ని మెచ్చుకుని రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు.

కమిషనరు గారు సంతోషంగా ఉన్న ఒక పూట చూసి తాతారావు ఆయన గదిలోకి వెళ్లాడు.

"సార్, మా ఇంటి ముందు గొయ్యి ఒకటుందండి. రెండు బళ్ల కంకర పోయిస్తే మా ఆవిడ..."

"గొయ్యా? అంచు ఎంత?"

"ఆయ్, కొలవలేదండి."

"చైన్‌మన్ అయ్యుండి సొంత గొయ్యి కొలుచుకోలేదా?"

స్వయంగా జీపెక్కి వచ్చారు. తాతారావు మోకాళ్ల మీద కూర్చుని గొయ్యి చుట్టూ పుల్లలు పేర్చాడు. మూడు వందల అరవై అయిదు పుల్లలు పట్టాయి. పద్నాలుగు మీటర్ల అరవై. అరుగంత జాగాలో పద్నాలుగు మీటర్ల రోడ్డు! కమిషనరు గారు ఆ గొయ్యి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"తాతారావూ, నువ్వు దీన్ని పూడ్చమని అడుగుతున్నావు. ఊళ్లో పద్నాలుగు మీటర్ల రోడ్డు తవ్వి పారేయమని అడిగినట్టయింది నీ కోరిక. తెలిసే అడిగావా?"

"తెలీక అడిగానండి."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. గోతుల్ని ఇకపై గోతులనరాదు, 'ఉపరితల వక్రతా నిక్షేపములు' అనవలెను. ప్రతిదానికీ నంబరు వేసి చుట్టూ తెల్లరంగు పూయవలెను. పూడ్చినవారిపై ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద చర్య తీసుకొనబడును, ఉద్యోగులైతే సస్పెండ్ చేయబడుదురు. తాతారావు గుమ్మం ముందుదానికి 417 నంబరు వచ్చింది. అంచు నాణ్యత దృష్ట్యా దాన్ని పట్టణ ఆదర్శ గుంటగా ప్రకటించి, పక్కన బోర్డు పాతారు.

తర్వాత జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. మెయిన్ బజార్లో అంతకు ముందేడు వేసిన సిమెంటు రోడ్డు ఏ పుల్లతో కొలిచినా ఒకే పొడుగు వచ్చి ఊరి పరువు తీసింది. వేయించిన ఇంజనీరుకి మెమో వెళ్లింది: 'సదరు రహదారిని ఇంత నున్నగా ఏల వేయించితిరో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' పాపం ఆయన పునాదిలో నాణ్యత లోపించిందనీ, రెండు వానలకి పగుళ్లు తప్పక రాగలవనీ లిఖితపూర్వకంగా హామీ ఇచ్చి బయటపడ్డాడు. ఆటోడ్రైవర్లు నడుములు పట్టుకుని వచ్చి అర్జీ పెట్టుకుంటే, 'మీరు ప్రయాణించుచున్నది రోడ్డుపై కాదు, అభివృద్ధిపై అని గ్రహించవలెను' అని జవాబు వచ్చింది. ఆ జవాబును వాళ్లు ఆటోల వెనక రాయించుకున్నారు.

తాతారావు మాత్రం చిక్కిపోయాడు. హోటల్ సాంబారు పడటం లేదు. ఇంట్లో మిషను చప్పుడు లేకపోతే మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉంటాయో అతనికి ఇరవై ఏళ్ల కాపురంలో మొదటిసారి తెలిసింది. పైగా వృత్తి ఒకటి ఊరుకోనివ్వదు. తన గుమ్మానికీ బావ గుమ్మానికీ గొలుసుతో కొలిస్తే కిలోమీటరున్నర. ఇప్పుడు రికార్డుల్లో పదకొండు కిలోమీటర్లు. తను నమ్మి కొలిచిన కొలతే భార్యను అంత దూరం తీసుకెళ్లిపోయిందని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ పదకొండు కిలోమీటర్లూ పావుగంటలో నడిచి బావ ఇంటికి చేరాడు. నూకరత్నం వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. తొమ్మిది చుక్కల మెలికల ముగ్గు. చుక్క చుట్టూ తిరిగి, పక్క చుక్కను చుట్టి, ఎక్కడా చెయ్యెత్తకుండా, బయల్దేరిన చోటికే వచ్చి కలిసింది గీత.

"పూడ్చారా?" అంది తలెత్తకుండా.

"అది గొయ్యి కాదంట రత్నం, నిక్షేపమంట. ముట్టుకుంటే సస్పెండ్ చేస్తారు."

"అయితే నిక్షేపం దగ్గరే కాపరం చేస్కోండి."

తాతారావు ముగ్గు వైపే చూస్తున్నాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి అగ్గిపెట్టె తీసింది. అక్కడే గొంతుక్కూర్చుని గీత వెంబడి పుల్ల జరపడం మొదలుపెట్టాడు. లోపల్నించి కాఫీ గ్లాసుతో వచ్చిన బావ కనకారావు కాసేపు చూసి, చెల్లెల్ని చాటుకి పిలిచాడు.

"నువ్వు వచ్చేసి తప్పు చేశావేమోనే. మనిషి అదోలా అయిపోయాడు."

"అదోలానే ఉండేవారు అన్నయ్యా, మీరు చూళ్లేదు," అంది నూకరత్నం. అన్నదే గానీ ఆమెకీ కొంచెం కలుక్కుమంది.

"రెండు వందల అయిదు పుల్లలు!" తాతారావు లేచి నిలబడ్డాడు. "ఎనిమిది మీటర్ల ఇరవై. పీట వేసేంత జాగాలో ఎనిమిది మీటర్ల రోడ్డు! రత్నం, ఇరవై ఒక్క చుక్క పెట్టగలవా?"

"పెళ్లికి ముందే పెట్టేదాన్ని. ఎందుకూ?"

గొంతు తగ్గించి చెప్పాడు. రోడ్డు మీద కంటికి కనిపించే ప్రతి గీతా రోడ్డేనని కమిషనరు గారే రాశారు. ముగ్గు గీత కంటికి కనిపిస్తుంది. గొయ్యి పూడ్చి, చదును చేసి, దానిమీద ఇరవై ఒక్క చుక్కల ముగ్గేస్తే గోతికి దాదాపు మూడింతల రోడ్డు తేలుతుంది. పూడ్చినందుకు సస్పెండ్ చేయడానికి వీల్లేదు. పైగా మెచ్చుకోవాలి.

"శుక్రవారం పదింటికి సంచాలకులు గారు ఆదర్శ గుంట చూడ్డానికొస్తున్నారు. ఆరోజు వాళ్ల కళ్లముందే తేల్చేయాలి. నువ్వొచ్చి ముగ్గేశావంటే..."

"గోతి మీద ముగ్గెలా వేస్తారండీ? ముందు పూడ్చండి."

"పూడ్చాక నువ్వు రాకపోతే నా ఉద్యోగం పోద్ది."

"మీరు పూడ్చకపోతే నేను రాను. ఏది కావాలో మీరే చూస్కోండి."

శుక్రవారం తెల్లవారుతూనే తాతారావు పారతో వీధిలోకొచ్చాడు. పక్కింటివాళ్లు పడగొట్టిన గోడ తాలూకు రాళ్లు ఎత్తాడు, మట్టి పోశాడు, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాడు. దిమ్మిస పడ్డప్పుడల్లా పెన్షను ఒక్కో అంగుళం కిందికి దిగుతున్నట్టు అనిపించింది. ఏడున్నరకల్లా 417 నంబరు బోర్డు పక్కన గొయ్యి ఉన్న ఆనవాలు లేదు. మూడేళ్లు "రేపు" అన్న పనికి సరిగ్గా రెండు గంటలు పట్టింది. సిగ్గేసింది అతనికి.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. నూకరత్నం లేదు. వీధివాళ్లు అరుగుల మీద చేరి, సస్పెన్షను ఎన్నాళ్లుంటుందో తలా ఒక లెక్క చెప్తున్నారు. తొమ్మిదిన్నర దాటాక రిక్షా మలుపు తిరిగింది. ముగ్గుపిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని నూకరత్నం దిగింది. చదునుగా ఉన్న నేలని చూసింది, మట్టి కొట్టుకుపోయిన మొగుణ్ని చూసింది.

"మీరేనా పూడ్చింది?"

"నేనే."

"ఒక్కరేనా?"

"ఆయ్, ఒక్కణ్నే."

నూకరత్నం కొంగు దోపుకుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె పెదవుల చివర నవ్వు తాతారావుకి కనిపించింది. ఉద్యోగం పోయినా ఫర్వాలేదనిపించింది ఆ నిమిషాన.

పది గంటలకి జీపు, దాని వెనక కారు వచ్చి ఆగాయి. కమిషనరు గారు దిగుతూనే రెండు చేతులూ చాపి, "ఇదేనండీ రాష్ట్రానికే తలమానికమైన..." అని ఆగిపోయారు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"తాతారావూ! 417 ఎక్కడ?"

"ముగ్గు కింద ఉందండి."

"పూడ్చావా? ప్రభుత్వ నిక్షేపాన్ని..." ముందుకు అడుగు వేయబోయారు.

"ఆగండి బాబూ!" నూకరత్నం తలెత్తకుండానే అంది. "గీత మధ్యలో ఆపకూడదు. తొక్కకూడదు. అక్కడే నిలబడండి."

పురపాలక సంఘాన్ని ఆవిధంగా నిలబెట్టినవాళ్లు అంతకుముందు లేరు. కమిషనరు గారు ఒంటికాలి మీద ఆగి, కాలు వెనక్కి తీసుకున్నారు. డాక్టర్ విరూపాక్షం గారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. గీత ఒక చుక్కను చుట్టింది, తప్పుకుంది, ఇంకోదాన్ని చుట్టింది, తన మీదనుంచి తనే దాటింది. రెండు వందల ఇరవై ఒక్క చుక్కల మధ్య తిరిగి తిరిగి మొదలైన చోట వాలింది. నూకరత్నం చేతులు దులుపుకుని లేచింది.

"కొలవండి," అన్నారు డాక్టరు గారు.

తాతారావు పుల్ల జరుపుతుంటే వీధంతా పైకి లెక్కపెట్టింది. వెయ్యి అరవై దగ్గర ఆగింది. నలభై రెండు మీటర్ల నలభై. గొయ్యిగా ఉన్నప్పుడు పద్నాలుగు అరవై. తాతారావు చేతులు కట్టుకుని, కమిషనరు గారు రాసిన నిర్వచనం ఆయనకే అప్పజెప్పాడు. కమిషనరు గారికి లెక్క అర్థం కావడానికి రెండు నిమిషాలు, అది మొదట్నించీ తన ఆలోచనే అని అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది.

"చూశారా డాక్టరు గారూ! దీన్నే మేము వక్రతా నిక్షేపముల ద్వితీయ దశ అంటున్నాము."

"అమ్మా, ఇది మీకెవరు నేర్పారు?" అని డాక్టరు గారు నూకరత్నాన్ని అడిగారు.

"మా పెద్దమ్మండి. రోజూ వేస్తాం కదండీ, నేర్పేదేముందీ?"

ఆయన సంచీలోంచి నోట్‌బుక్కు తీసి చాలాసేపు ఏదో రాసుకున్నారు. కాలీఫ్లవర్ ఆరోజు సంచీలోనే ఉండిపోయింది.

పుల్లేటిపేట ఆ ఏడు రాష్ట్రంలో మొదటి ర్యాంకు కొట్టింది. కమిషనరు గారు వెళ్తూ వెళ్తూ ఆఖరి ఉత్తర్వు ఇచ్చి వెళ్లారు. ఊళ్లోని నిక్షేపములన్నిటినీ నెల రోజుల్లో పూడ్చి, చదును చేసి, పైన ముగ్గులు వేయవలెను. ముప్పై ఏళ్ల అర్జీలకి కదలని కంకర బళ్లు ముగ్గుకి జాగా కావాలనేసరికి వరసకట్టి కదిలాయి. రోడ్లన్నీ పీటల్లా తయారయ్యాయి. నున్నటి రోడ్డు వేసి మెమో తిన్న ఇంజనీరుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. పగుళ్లు వస్తాయని తనిచ్చిన హామీ ఏం చేయాలో మాత్రం ఆయనకి తెలియలేదు.

ఉత్తర్వులో చివరన ఒక వాక్యం ఉంది. 'సదరు ముగ్గులను ఎవరును తొక్కరాదు.'

దాంతో ఊళ్లో రోడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, నడిచేవాళ్లు లేరు. జనం కాలవగట్ల మీద చేతులు చాపి బ్యాలెన్సు చేసుకుంటూ బజారుకి వెళ్తున్నారు. ఆటోడ్రైవర్లు ఆటోలు కడిగి, నున్నటి రోడ్డును చూస్తూ కూర్చుంటున్నారు.

ఆ నెల గడువు తీరిన పది రోజులకి బాగుపడ్డ కుట్టుమిషను రిక్షాలో వచ్చింది, వెంట నూకరత్నం. రిక్షావాడు 417 బోర్డు ముందు ఆగి, "తొక్కరాదంట కదమ్మా?" అన్నాడు.

"ముగ్గేసేది మనుషులు ఇంటికి రావాలనేగా. తొక్కు," అంది నూకరత్నం.

రిక్షా ముగ్గు మీదనుంచి దొర్లుకుంటూ వచ్చింది. ఒక్క కుదుపు లేదు. మిషను మీద పెట్టిన నూనె డబ్బా కూడా కదల్లేదు. వెనకే ఆవిడ తాపీగా నడిచొచ్చింది.

తాతారావు అరుగు దిగి, అగ్గిపెట్టె తీసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. చక్రాలు కొన్ని చోట్ల గీతను తెంచాయి, మరికొన్ని చోట్ల పిండిని పక్కలకి లాగి కొత్త గీతలు గీశాయి. పాదాల అచ్చులు వేరే. జాగ్రత్తగా కొలిచి రిజిస్టరులో రాసుకున్నాడు.

"ఏం రాస్తున్నారండీ?" లోపల్నించి మిషను చప్పుడు మధ్య అడిగింది నూకరత్నం.

"నువ్వు నడిచొచ్చాక రోడ్డు ఇంకో మీటరున్నర పెరిగిందే," అన్నాడు తాతారావు. "నువ్వు రోజూ తిరగాలి. ఊరికి మంచిది."